పొలం కెమెరాకి అదనపు వారంటీ కట్టాలా, వద్దా?



మిరప కళ్ళాలు మొదలయ్యే రోజులు దగ్గర పడ్డాయి. ఈసారి మా డొంక మీద ఆరుగురం కలిసి సోలార్ కెమెరాలు పెట్టుకుందామని అనుకున్నాం. సిమ్ వేసుకునే 4జీ కెమెరా, పైన చిన్న సోలార్ పలక, లోపల బ్యాటరీ, ఒక మెమరీ కార్డు. అన్నీ కలిపి ఒక్కోటి ఎనిమిది వేలు చెప్పాడు టౌన్లో షాపతను. బేరమంతా అయిపోయి డబ్బులు లెక్కపెట్టే టైముకి ఇంకో కాగితం బయటికి తీశాడు. "కంపెనీ వారంటీ ఏడాదే అండీ. ఇంకో 1,600 కట్టారంటే మరో రెండేళ్ళు మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. ఆరుగురికి 9,600. మావాళ్ళలో ముగ్గురు కట్టేద్దాం అన్నారు, ఇద్దరు వద్దన్నారు, ఒకాయన నా మొహం చూశాడు. ఆలోచించుకుని వస్తామని చెప్పి బయటికొచ్చాం.

తర్వాత పక్క ఊళ్ళ వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఇదే అడిగారు. విడివిడిగా చెప్పే కంటే ఒకేసారి రాస్తే మంచిదని రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పొలంలో పెట్టే కెమెరాకి డబ్బు కట్టి అదనపు వారంటీ కొనడం దండగ. కంపెనీ ఇచ్చే మామూలు వారంటీని మాత్రం ఒక్క రోజు కూడా వదులుకోవద్దు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. మన వాళ్ళు చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. 1,600 పెట్టి అదనపు వారంటీ కొంటారు, బిల్లు లేకుండా ఇస్తే ఐదొందలు తగ్గిస్తానంటే దానికీ సరే అంటారు.

మొదట వారంటీ అంటే ఏంటో చూడండి. మన దగ్గర షాపుల్లో గ్యారంటీ అంటే కొత్తది ఇస్తారు, వారంటీ అంటే బాగు చేసి ఇస్తారు అని ఒక వాడుక ఉంది. ఆ మాటల సంగతి పక్కన పెట్టండి, కార్డు మీద ఏం రాశారన్నదే లెక్క. అక్కడ రాసేది ఒకటే: తయారీలో లోపం ఉంటే బాగు చేస్తాం, లేదా మారుస్తాం. తయారీలో లోపం అన్న మాట బాగా గుర్తుపెట్టుకోండి. పిడుగు తయారీ లోపం కాదు. కరెంటు ఎక్కువ తక్కువలు కాదు. కోతి పట్టుకుని ఊగడం కాదు. నీళ్ళు పోవడం, చీమలు పట్టడం, ఎలుక వైరు కొరకడం, స్తంభం మీద నుంచి కింద పడటం, ఇవేవీ కాదు. దొంగతనం అసలే కాదు. మోటారు దొంగల కోసం కెమెరా పెడితే కెమెరానే పీక్కుపోయిన ఊళ్ళు ఉన్నాయి, మీకూ తెలుసు.

ఇప్పుడు మీరే చెప్పండి, పొలంలో కెమెరా దేనివల్ల పోతుంది? ఇంటి హాల్లో పెట్టిన టీవీ అయితే లోపలి బోర్డు పోయిందంటే అది తయారీ లోపమని వాదించుకోవచ్చు. మన కెమెరా ఎండలో కాగుద్ది, వానలో తడుస్తుంది, రాత్రి దాని లైటుకి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, కందిరీగ కూడా వచ్చి చేరుతుంది. కరెంటు కెమెరా అయితే మోటార్ల లైను మీద వోల్టేజీ ఎలా ఆడుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మోటారు కాలినప్పుడు మనకి జరిగేదే ఇక్కడా జరుగుతుంది. వైండింగ్ విప్పి చూసి "ఇది లో వోల్టేజీకి కాలింది, కంపెనీ ఇవ్వదు" అని ఎన్నిసార్లు విన్నాం?

మా ఊళ్ళో మా బావ వరసతనికి అచ్చంగా ఇదే జరిగింది. ఆయన కెమెరాకి అదనపు వారంటీ కట్టాడు. రెండో ఏడు తుఫాను వానకి లోపల ఆవిరి పట్టి అద్దం మసకబారింది. తీసుకెళ్తే పదిహేను రోజులు ఉంచుకుని, లోపల నీటి మరక ఉంది, వారంటీ వర్తించదు అని తిరిగి ఇచ్చారు. కెమెరా పెట్టె మీద ఐపీ 66 అని ఉంది కదా అని ఆయన వాదన. నిజమే, ఐపీ 66 అంటే దుమ్ము లోపలికి పోదు, జోరుగా నీళ్ళు కొట్టినా పోవు అని అర్థం. కానీ అది కెమెరా ఒంటికి సంబంధించిన లెక్క. వెనక తోకలాగా వేలాడే వైర్లు, వాటి చివర కనెక్టర్లు మామూలుగా ఆ లెక్కలోకి రావు. సిమ్, కార్డు పెట్టే మూత దగ్గర రబ్బరు సరిగ్గా కూర్చోకపోయినా అంతే. అది బిగించినవాడి పొరపాటు. కంపెనీ వాడు బిగించినవాడి మీద తోస్తాడు, బిగించినవాడు వాన మీద తోస్తాడు. నడుమ రైతు.

రెండో సంగతి, అసలు పోయేవి ఏంటి అని. నేను చూసినంతలో కెమెరా కన్నా ముందు దాని పక్కనుండే చిన్న సామాను పోతుంది. అడాప్టరు, బ్యాటరీ, మెమరీ కార్డు. సరిగ్గా వీటినే వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో పక్కన పెడతారు. బ్యాటరీకి ఆరు నెలలనో, వాడకంతో అరిగే సామానుకి వర్తించదనో ఉంటుంది. కొనేముందు ఆ ఒక్క వరస చదివించుకోండి. షాపతను చదవనంటే మీ పిల్లల చేత చదివించండి.

మెమరీ కార్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నష్టం ఇక్కడే ఉంది. ఫోన్లో వేసే మామూలు కార్డు అప్పుడప్పుడు నాలుగు ఫోటోలు దాచుకోడానికి తయారుచేసింది. కెమెరాలో వేస్తే అది రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది, నిండగానే పాతది చెరిపి మళ్ళీ రాస్తుంది. పలక మీద రాసి చెరిపి రాసి చెరిపితే పలక ఎలా అరుగుతుందో కార్డు కూడా అలాగే అరుగుతుంది. ఇలాంటి వాడకానికి హై ఎండ్యూరెన్స్ అని వేరే రకం కార్డులు వస్తాయి, రేటు కొంచెం ఎక్కువ. మామూలు కార్డు కెమెరాలో వేస్తే ఆ కార్డు వారంటీ చెల్లదని కొన్ని కంపెనీలు రాసే ఇస్తాయి. షాపుల్లో కెమెరాతో పాటు ఫ్రీ అని ఇచ్చే కార్డు ఏ రకమో ఒకసారి తిప్పి చూడండి.

కార్డు పోతే వచ్చే చిక్కు ఏంటంటే, పోయినట్టు మనకి తెలియదు. ఫోన్లో చూస్తే పొలం చక్కగా కనపడుతుంది. కళ్ళం కనపడుతుంది, పట్టాలు కనపడతాయి, కుక్క పడుకున్నది కూడా కనపడుతుంది. కానీ రికార్డు అవ్వదు. దొంగతనం జరిగిన తెల్లారి వెనక్కి తిప్పి చూద్దామంటే ఏమీ ఉండదు. అందుకే వారానికి ఒకసారి లైవ్ కాదు, నిన్న రాత్రి రెండు గంటల రికార్డు తెరిచి చూడండి. వస్తే సరే. రాకపోతే ఆరోజే కార్డు మార్చండి. ఈ పనికి వారంటీ అక్కర్లేదు.

బ్యాటరీ కూడా అంతే. చాలా సోలార్ కెమెరాల లోపల ఉండేవి 18650 అనే గుండ్రటి లిథియం సెల్స్. ఆ అంకె కొలతే, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. రోజూ నిండి రోజూ ఖాళీ అయితే ఒకటి రెండేళ్ళకి పట్టు తగ్గడం వాటి స్వభావం, అది ఎవరి లోపం కాదు. మూత తీసి సెల్స్ మార్చుకునే రకం అయితే మంచిది, లోపల అతికించేసిన రకం వద్దు. కొనేటప్పుడు మూడేళ్ళ వారంటీ ఉందా అని అడిగే బదులు బ్యాటరీ బయటికి వస్తుందా అని అడగండి. అదే పనికొచ్చే ప్రశ్న. సెల్స్ ఎక్కడపడితే అక్కడ నాసిరకంవి కొని వేసి మంటలు తెచ్చుకోవద్దు, అది వేరే సంగతి.

ఇక లెక్కకి వద్దాం. ఎనిమిది వేల వస్తువుకి 1,600 అంటే ఐదో వంతు. అంటే ఐదు కెమెరాల్లో కనీసం ఒకటి, రెండో ఏడు మూడో ఏడు లోపల, అదీ వారంటీ ఒప్పుకునే కారణంతోనే పూర్తిగా పోతేనే మనం కట్టిన డబ్బుకి సరిపోతుంది. అది కూడా కొత్తది ఇస్తేనే. రిపేరు చేసి ఇస్తే రిపేరు ఖర్చే మిగిలినట్టు. కొన్ని ప్లాన్లలో ఏడాదికింత అని వస్తువు విలువ తగ్గించి లెక్కగడతారు. తయారీ లోపం ఉన్న సామాను మామూలుగా మొదటి నెలల్లోనే బయటపడుతుంది, అది కంపెనీ ఉచిత వారంటీలోనే పోతుంది. మనం డబ్బు కట్టేది దాని తర్వాత కాలానికి. అంటే ఎక్కువగా అరుగుదలతోనో వానతోనో పోయే కాలానికి. వాటికి వాళ్ళు ఇవ్వరు. అర్థమైందా?

దీనికి ఎదురు మాట కూడా ఉంది. "గేదెకి ఇన్సూరెన్సు కట్టమని నువ్వే చెప్తావు, కెమెరాకి వద్దంటావేంటి?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. గేదె చచ్చిపోతే ఆ ఇల్లు ఏడాది కోలుకోదు. పాలకేంద్రం డబ్బులు ఆగిపోతాయి, అప్పు మిగులుతుంది. మనం మోయలేని నష్టానికి ముందే కొంచెం కొంచెం కట్టుకోవాలి. పైగా గేదె ఇన్సూరెన్సు రోగంతో చచ్చినా, ప్రమాదంలో చచ్చినా వర్తిస్తుంది. ఎనిమిది వేల కెమెరా పోతే బాధే, కానీ ఇల్లు కూలదు. అదీ తేడా.

కెమెరాతోనే బతికేవాడి సంగతి వేరు, అదీ చెప్పాలి. మా బామ్మర్ది కొడుకు మండలంలో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాషులు కలిపి వాడి పెట్టుబడి ఒక ఎకరం మిరప పెట్టుబడి కన్నా ఎక్కువే. వాణ్ని అడిగితే ఒక మాట అన్నాడు: "మామా, కెమెరాకి నేను వారంటీ కన్నా చూసేది కింద పడితే, దొంగతనం పోతే ఎవడిస్తాడు అని." వాళ్ళ కెమెరాలో షట్టరు ఉంటుంది, ఇన్ని లక్షల క్లిక్కులు అని దానికో ఆయుష్షు చెప్తారు. పెళ్ళిళ్ళ సీజన్లో అది గబగబా అరుగుతుంది. అరిగిపోతే వారంటీ వాడు అరుగుదల అనే అంటాడు. కంపెనీ వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకుంటే కొన్ని కంపెనీలు ఉచితంగానే వారంటీ పొడిగిస్తాయట, అది మాత్రం కొన్న రోజే చేసుకుంటాడట. ఫ్లాషులు, బ్యాటరీలు, స్టాండ్ల మీద షాపువాడు అమ్మే వారంటీ ఒక్కసారి కూడా కొనలేదన్నాడు. రోజూ వాడేవాడి మాట కాబట్టి నేను దానికి విలువిస్తాను.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకా చెప్పలేదు. మనకి కెమెరా అసలు ఎప్పుడు కావాలి? ఏడాదంతా ఎంతో కొంత పనికొస్తుంది, మోటారు దగ్గర, స్టార్టర్ డబ్బా దగ్గర. కానీ కాయ కళ్ళంలో ఉన్న ఆ కొద్ది వారాలు చాలా ముఖ్యం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అనుకోండి. ఏడాది కష్టం అంతా పట్టాల మీద పరుచుకుని ఉంటుంది. మార్చిలో కెమెరా పాడైంది, వారంటీ ఉంది, షాపుకిచ్చాం, షాపు కంపెనీకి పంపింది, మేలో బాగై వచ్చింది. వారంటీ మాట నిలబెట్టుకున్నట్టే. కానీ ఆ నడుమ కళ్ళానికి కాపలా ఎవరు? రెండు టిక్కీలు పోతే వారంటీ వాడు ఇస్తాడా? ఇవ్వడు, అది కూడా కార్డు మీద రాసే ఉంటుంది, కెమెరా పనిచేయకపోవడం వల్ల కలిగే నష్టానికి మా బాధ్యత లేదని.

అందుకే నేను మావాళ్ళతో అన్నది ఏంటంటే, మనకి కావాల్సింది వారంటీ కాదు, ఇంట్లో రెడీగా ఇంకో కెమెరా. ఆరుగురం కట్టే 9,600తో ఏడో కెమెరా వస్తుంది, పైన 1,600 మిగులుతాయి. ఎవరిది పాడైనా ఆ రోజు సాయంత్రమే దీన్ని ఎక్కించొచ్చు. పిడుగుకి పోయినా, కోతి పీకినా, దొంగ ఎత్తుకుపోయినా, కారణం అడిగేవాడు లేడు. ఏ కంపెనీ అయినా ఇంత మంచి వారంటీ ఇస్తుందా? పదిమందిలో ఒకరికి వచ్చే నష్టాన్ని పదిమంది పంచుకోవడమే కదా వాళ్ళు చేసేది, లాభం మిగుల్చుకుని. ఆ పని మనం చేసుకుంటే లాభం మన దగ్గరే ఉంటుంది.

ఒప్పుకుంటా, ఇందులో కష్టం ఒకటుంది. ఊళ్ళో కలిపి పెట్టిన డబ్బు, కలిపి కొన్న వస్తువు అంటే తగువు కూడా కలిపే వస్తుంది. ఏడో కెమెరా ఎవరింట్లో ఉండాలి, ఇద్దరివి ఒకేసారి పాడైతే ముందు ఎవరికి, ఒకాయన జాగ్రత్త లేక పోగొట్టుకుంటే తిరిగి డబ్బు వేయాలా అక్కర్లేదా. ఇవి ముందే ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. అలా కుదరని చోట, ఒక్కడే కెమెరా పెట్టుకునేవాడు, ఆ 1,600 విడిగా పోస్టాఫీసులోనో ఎక్కడో పక్కన పెట్టుకున్నా సరిపోతుంది. పక్కన పెట్టగలిగితే. పెట్టలేను, చేతిలో ఉంటే ఖర్చైపోతుంది అనే మనిషి కట్టుకుంటానంటే నేను వద్దనను, అతని సంగతి అతనికి తెలుసు.

ఇక ఉచిత వారంటీ గురించి. దీన్ని గట్టిగా పట్టుకోండి. ఒక ఏడాది ఇచ్చే కంపెనీ, రెండేళ్ళు ఇచ్చే కంపెనీ పక్కపక్కన ఉంటే నాలుగైదు వందలు ఎక్కువైనా రెండేళ్ళ దాన్నే తీసుకోండి. అది తయారుచేసినవాడు తన సరుకు మీద పెట్టుకున్న నమ్మకం. షాపువాడు వేరే ఎవరిదో కాగితం అమ్మడం అది కాదు. బిల్లు మీద తేదీ, మోడలు, కెమెరా సీరియల్ నంబరు రాయించండి. "నేనున్నాను కదా అన్నా, బిల్లెందుకు" అంటే, నువ్వు ఉంటావు తమ్ముడూ, షాపు ఉంటుందో లేదో అనండి. ఇప్పుడు మిషన్లో వచ్చే బిల్లులు వేడి తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి, బీరువాలో పెట్టినా కొన్నాళ్ళకి తెల్ల కాగితం అవుతుంది. అందుకని అక్కడికక్కడే ఫోన్లో ఫోటో తీసి ఇంకొకరికి కూడా పంపండి. మా ఎదురింటి అబ్బాయి కెమెరా పదకొండో నెలలో ఆగిపోయింది. బిల్లు ఫోటో, సీరియల్ నంబరు ఉండబట్టి పన్నెండు రోజుల్లో కొత్తది వచ్చింది. ఒక్క రూపాయి అదనంగా కట్టలేదు.

ఇవ్వాల్సిన వారంటీ ఇవ్వకుండా తిప్పుతుంటే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం తప్పు. లోపమున్న వస్తువుని బిల్లు మీద రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అదీ తప్పే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే ముద్ర చూసి లోపమున్న సరుకు విషయంలో భయపడక్కర్లేదు. ముందు 1915 నంబరుకి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దాంతో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది హైదరాబాదులో అయినా, ఆన్‌లైన్లో అయినా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. ఎనిమిది వేలకి కేసేంటి అనుకుంటారు గానీ, చాలాసార్లు 1915కి ఫోన్ చేశానని చెప్తేనే షాపువాడి గొంతు మారుతుంది.

కోపంతో కొందరు వారంటీ అంతా మోసమే అంటున్నారు. అదీ కరెక్టు కాదు. అదనపు వారంటీ కాగితం మోసమని నేను అనటం లేదు. దాంట్లో రాసినదానికి వాళ్ళు కట్టుబడే ఉంటారు. రాసింది మన పొలానికి పనికిరాదు, అంతే. ఏసీ గదిలో కంప్యూటరుకి పనికొస్తుందేమో.

చివరికి మేం చేసింది చెప్తా. ఆరుగురిలో ఒకాయన, ఆయన చేను ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒంటరిగా ఉంటుంది, నాకు మీ ఏడో కెమెరా అందేలోపు తెల్లారుతుంది అని విడిగా వారంటీ కట్టుకున్నాడు. మిగతా ఐదుగురం 1,600 చొప్పున వేసుకుంటే సరిగ్గా ఎనిమిది వేలు అయ్యాయి. ఇన్ని తీసుకుంటున్నాం కదా అని గట్టిగా అడిగితే ఇంకో కెమెరా 7,500కి ఇచ్చాడు. మిగిలిన 500కి ఇంకొంచెం కలిపి ఒక మంచి కార్డు కొని ఆ పెట్టెలోనే పెట్టాం. పెట్టె మా పెదబాబాయి ఇంట్లో ఉంది, ఎందుకంటే ఆయన ఎక్కడికీ వెళ్ళడు. కాగితం మీద ఐదుగురి సంతకాలు ఉన్నాయి. ఆ కాగితం ఎలా రాశామో కావాలన్నవాళ్ళు ఫోన్ చేయండి, ఫోటో పంపిస్తా.